డాక్‌స్ట్రింగ్ ఉదాహరణల కోడ్ కవరేజ్ సరిగ్గా కొలవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

"డాక్‌టెస్టులు రాశాం, అన్నీ పాసవుతున్నాయి. కానీ వాటివల్ల మా కోడ్‌లో ఎంత భాగం నడుస్తోందో తెలిసేదెలా?" తోటి డెవలపర్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. కమాండ్ చూస్తే ఒక్క లైనే. కానీ అది చూపించే శాతం చాలాసార్లు అసలు సంగతి కంటే ఎక్కువగా ఉంటుంది. ఆ ఎక్కువ ఎక్కణ్నుంచి వస్తుందో తెలియకపోతే ఎంత కొలిచినా లాభం లేదు. అందుకే కమాండ్ కంటే ముందు చేయాల్సిన పనుల మీద, తర్వాత రిపోర్టు చదివే పద్ధతి మీద ఎక్కువ రాస్తున్నాను.

ఇక్కడ పైథాన్‌ను తీసుకున్నాను. ఫంక్షన్, క్లాస్ లేదా ఫైలు మొదట్లో దాని వివరణగా రాసే స్ట్రింగే డాక్‌స్ట్రింగ్. డాక్‌స్ట్రింగ్‌లో >>> గుర్తుతో రాసిన ఉదాహరణలను పైథాన్‌తో పాటే వచ్చే డాక్‌టెస్ట్ మాడ్యూల్ నడుపుతుంది; ఆ ఉదాహరణలనే డాక్‌టెస్టులంటాం. అప్పుడు ఏ లైన్లు నడిచాయో కవరేజ్.పై అనే టూల్ రాసిపెడుతుంది. రెండింటినీ టెస్టులు నడిపే టూల్ అయిన పైటెస్ట్‌తో కలిపి వాడతాం. రస్ట్‌లో పనిచేసేవాళ్ల కోసం చివర్లో ఒక సెక్షన్ పెట్టాను.

ఒక గమనిక: కమాండ్లు, ఆప్షన్లు తెలుగు లిపిలోనే ఇచ్చాను. టెర్మినల్‌లో వాటి ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో టైప్ చేయండి. "లెక్కలు" అని ఉన్నచోట మీ ప్యాకేజీ పేరు పెట్టుకోండి.

## 1. ఏం కొలుస్తున్నారో ముందే తేల్చుకోండి

"కవరేజ్" అనే ఒక్క మాటను మూడు వేర్వేరు లెక్కలకు వాడుతుంటారు.

- ఫంక్షన్లకు డాక్‌స్ట్రింగ్ ఉందా లేదా అన్న లెక్క. ఇంటరోగేట్ లాంటి టూల్స్ చెప్పేది ఇదే. ఇందులో మీ కోడ్ ఒక్క లైను కూడా నడవదు.
- డాక్‌స్ట్రింగ్‌లో ఉదాహరణ ఉందా లేదా అన్న లెక్క. ఇదీ లెక్కపెట్టడమే, నడపడం కాదు.
- ఆ ఉదాహరణలు నడిచినప్పుడు కోడ్‌లో ఏ లైన్లు, ఏ బ్రాంచీలు (ఇఫ్ లాంటి చోట్ల చీలే దారులు) నడిచాయన్న లెక్క. మనకు కావాల్సింది ఇదే.

టీమ్ మీటింగులో "డాక్యుమెంటేషన్ కవరేజ్ ఎంత?" అని ఎవరైనా అడిగితే, వాళ్లు అడిగేది ఈ మూడింటిలో ఏదో ముందు కనుక్కోండి. మొదటిదానికి 95 శాతం వచ్చిన ప్రాజెక్టులో మూడోది 20 కూడా ఉండకపోవచ్చు.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో మొదలుపెట్టండి. అందులో కవరేజ్, పైటెస్ట్, పైటెస్ట్-కవ్ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత మీ ప్యాకేజీని ఎడిటబుల్ మోడ్‌లో (కాపీ చేయకుండా మీ ఫోల్డర్‌లోని ఫైళ్లనే వాడే పద్ధతిలో), అంటే `పిప్ ఇన్‌స్టాల్ -ఈ .` అని ఇన్‌స్టాల్ చేయండి.

ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. అది చేయకపోతే ఉదాహరణలు సైట్-ప్యాకేజెస్‌లో (ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలు ఉండే ఫోల్డర్‌లో) ఉన్న పాత కాపీ మీద నడిచి, కొలత మాత్రం మీ ఫోల్డర్‌లోని ఫైళ్ల మీద జరగొచ్చు. అప్పుడు రిపోర్టులో అన్నీ సున్నాలు వస్తాయి, లేదా "డేటా ఏమీ రాలేదు" అనే వార్నింగ్ వస్తుంది. ఎస్‌ఆర్‌సి ఫోల్డర్ లోపల ప్యాకేజీ పెట్టే ప్రాజెక్టుల్లో ఇది మరీ ఎక్కువ.

ఇంకో జాగ్రత్త. డాక్‌టెస్టుల కోసం పైటెస్ట్ మీరిచ్చిన ఫోల్డర్‌లోని పైథాన్ ఫైళ్లను ఇంపోర్ట్ చేస్తుంది. ఏదైనా స్క్రిప్టు ఇంపోర్ట్ కాగానే డేటాబేస్‌లో రాసేదో, మెయిల్ పంపేదో అయితే ఆ పని నిజంగానే జరిగిపోతుంది. అలాంటి కోడ్‌ను మెయిన్ గార్డ్ (ఫైలును నేరుగా నడిపినప్పుడే పనిచేసే ఇఫ్) కిందికి మార్చాకే ముందుకెళ్లండి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ప్యాకేజీ ఎడిటబుల్ మోడ్‌లో ఉంది
- ఇంపోర్ట్ చేస్తే చాలు పని మొదలుపెట్టేసే ఫైళ్లేవీ లేవు
- పాత కవరేజ్ డేటా ఫైళ్లు తీసేశారు: `కవరేజ్ ఎరేజ్` చేశాక, వేరే పేర్లతో మిగిలిన డేటా ఫైళ్లుంటే చేత్తో తీసేయాలి
- యూనిట్ టెస్టు ఫైళ్లు ప్యాకేజీ ఫోల్డర్ లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా తెలుసు

చివరిది ఎందుకంటే, టెస్టు ఫైళ్లు ప్యాకేజీ లోపలే ఉంటే డాక్‌టెస్టులు నడిపేటప్పుడు పైటెస్ట్ వాటినీ నడిపేస్తుంది. యూనిట్ టెస్టుల కష్టమంతా డాక్‌టెస్టుల ఖాతాలో పడుతుంది. అలా ఉంటే `--ఇగ్నోర్-గ్లాబ్` ఆప్షన్‌తో ఆ ఫైళ్లను పక్కన పెట్టండి.

## 3. ఉదాహరణలు అసలు దొరుకుతున్నాయా?

కవరేజ్ జోలికి వెళ్లకముందే ఈ మెట్టు దాటాలి. కమాండ్ ఇది:

`పైటెస్ట్ --డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ --కలెక్ట్-ఓన్లీ -క్యూ లెక్కలు`

ఉదాహరణలున్న ప్రతి డాక్‌స్ట్రింగ్‌కు ఒక లైను చొప్పున లిస్టు వస్తుంది. గుర్తుపెట్టుకోండి: డాక్‌స్ట్రింగ్‌లో ఎన్ని ఉదాహరణలున్నా పైటెస్ట్‌కు అది ఒక్క టెస్టే. ఈ లిస్టును మీ ఫైళ్లతో పోల్చి చూడండి. మీకు బాగా గుర్తున్న నాలుగైదు ఫంక్షన్లు అందులో ఉన్నాయో లేదో వెతకండి.

`పైథాన్ -ఎం డాక్‌టెస్ట్` అని నేరుగా నడిపితే ఒక చిక్కుంది. అన్నీ పాసయినా ఏమీ ప్రింట్ కాదు, ఒక్క ఉదాహరణ దొరక్కపోయినా ఏమీ ప్రింట్ కాదు. తేడా తెలియాలంటే `-వి` పెట్టాలి. పైగా ఆ పద్ధతిలో ఫైలును విడి మాడ్యూల్‌గా ఇంపోర్ట్ చేస్తుంది కాబట్టి, ప్యాకేజీ లోపల రిలేటివ్ ఇంపోర్టులు ఉంటే ఎర్రర్ వస్తుంది. ఒక్క ఫైలున్న చిన్న స్క్రిప్టుకు అది చాలు, ప్యాకేజీకి పైటెస్ట్ దారే మంచిది.

ఉదాహరణ రాసినా లిస్టులో కనపడకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం డెకరేటర్, అంటే ఫంక్షన్ చుట్టూ అదనపు పని తగిలించే కోడ్. ఒక ప్రాజెక్టులో నెట్‌వర్క్ కాల్స్‌ను మళ్లీ ప్రయత్నించడానికి మేమే రాసుకున్న డెకరేటర్ ఉండేది. దాన్ని రాసినప్పుడు అసలు ఫంక్షన్ పేరు, డాక్‌స్ట్రింగ్ పోకుండా కాపాడే రాప్స్ (ఫంక్‌టూల్స్‌లోది) వాడలేదు. దాంతో అది తగిలించిన ప్రతి ఫంక్షన్‌కూ డాక్‌స్ట్రింగ్ మాయమైపోయింది. డాక్‌టెస్టులు ఫెయిల్ కాలేదు, అసలు దొరకనేలేదు. నెలల తరబడి బిల్డు పచ్చగానే ఉంది. చివరికి డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణ పనిచేయడం లేదని ఒక యూజర్ రాస్తే అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి కలెక్ట్ లిస్టు చూడకుండా నేను ఏ శాతాన్నీ నమ్మడం లేదు.

రెండో కారణం `--డాక్‌టెస్ట్-ఇగ్నోర్-ఇంపోర్ట్-ఎర్రర్స్`. ఎవరో ఎప్పుడో కాన్ఫిగ్‌లో పెట్టి మర్చిపోతారు. ఇంపోర్ట్ కాని మాడ్యూల్‌లోని ఉదాహరణలన్నీ చడీచప్పుడు లేకుండా పక్కకు పోతాయి.

మూడోది స్కిప్. ఉదాహరణ పక్కన ప్లస్ స్కిప్ అని రాస్తే ఆ లైను నడవదు. డాక్‌స్ట్రింగ్‌లోని ఉదాహరణలన్నీ స్కిప్ అయితే పైటెస్ట్ దాన్ని స్కిప్‌గా చూపిస్తుంది. పదింటిలో మూడు స్కిప్ అయితే మాత్రం పాస్ అనే చూపిస్తుంది. అందుకే ఎడిటర్‌లో ఆ మాట కోసం ఒకసారి వెతికి, ఎన్ని ఉన్నాయో రాసిపెట్టుకోండి.

## 4. ముందు బేస్‌లైన్ కొలవండి

పైథాన్‌లో ఫైలును ఇంపోర్ట్ చేస్తే చాలు, కొన్ని లైన్లు నడిచినట్టే లెక్క. ఇంపోర్ట్ స్టేట్‌మెంట్లు, ఫంక్షన్ మొదలయ్యే డెఫ్ లైన్లు, క్లాస్ లైన్లు, కాన్‌స్టెంట్లు అన్నీ ఈ జాబితాలో ఉంటాయి. కాన్‌స్టెంట్లు మాత్రమే ఉన్న సెట్టింగ్స్ ఫైలుకు ఒక్క ఉదాహరణ లేకపోయినా 100 శాతం వస్తుంది. డేటాక్లాసుల ఫైలూ దాదాపు అంతే.

ఉదాహరణలకు సంబంధం లేని ఈ భాగాన్ని విడిగా కొలవాలి. అందుకు ప్రత్యేకంగా స్క్రిప్టు రాయక్కర్లేదు. పైన వాడిన కలెక్ట్-ఓన్లీయే పనికొస్తుంది: అది ఫైళ్లను ఇంపోర్ట్ చేస్తుంది, ఉదాహరణలను మాత్రం నడపదు.

`కవరేజ్ రన్ --డేటా-ఫైల్=బేస్.డేటా --సోర్స్=లెక్కలు -ఎం పైటెస్ట్ --డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ --కలెక్ట్-ఓన్లీ లెక్కలు`

`కవరేజ్ రిపోర్ట్ --డేటా-ఫైల్=బేస్.డేటా`

`--సోర్స్` తప్పనిసరి. అది లేకపోతే ఎవరూ ఇంపోర్ట్ చేయని ఫైళ్లు రిపోర్టులోకే రావు. అలాంటి ఫైళ్లు సున్నాతో కనపడితేనే శాతానికి అర్థం ఉంటుంది.

వచ్చిన లెక్కలో మొత్తం స్టేట్‌మెంట్లు, నడిచిన స్టేట్‌మెంట్లు రెండూ రాసిపెట్టుకోండి. తర్వాత అసలు రన్ అయ్యాక ఇలా తీసేయాలి: నడిచినవాటిలోంచి బేస్‌లైన్ తీసేస్తే వచ్చేది పైన, మొత్తంలోంచి బేస్‌లైన్ తీసేస్తే వచ్చేది కింద. ఈ భాగహారమే ఉదాహరణల అసలు వాటా. చిన్న చిన్న ఫంక్షన్లు ఎక్కువున్న మాడ్యూళ్లలో ఈ రెండు శాతాల మధ్య తేడా చాలా పెద్దగా ఉంటుంది.

## 5. అసలు రన్

`కవరేజ్ రన్ --బ్రాంచ్ --డేటా-ఫైల్=.కవరేజ్.డాక్ --కాంటెక్స్ట్=డాక్ --సోర్స్=లెక్కలు -ఎం పైటెస్ట్ --డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ --డాక్‌టెస్ట్-కంటిన్యూ-ఆన్-ఫెయిల్యూర్ లెక్కలు`

పొడుగ్గా ఉంది కానీ ఇందులో ప్రతి ముక్కకూ పనుంది.

- `కవరేజ్ రన్ -ఎం పైటెస్ట్` అని నడిపితే పైటెస్ట్ లేవకముందే కొలత మొదలవుతుంది. కాన్‌ఫ్‌టెస్ట్ ఫైలు (టెస్టులకు ముందు పైటెస్ట్ చదివే సెటప్ ఫైలు), ప్లగిన్లు మీ ప్యాకేజీని ముందే ఇంపోర్ట్ చేసినా లైన్లు తప్పిపోవు.
- `--బ్రాంచ్` పెడితే ఇఫ్ రెండు వైపులా నడిచిందా అన్నది కూడా తెలుస్తుంది.
- డేటా ఫైలుకు వేరే పేరు పెట్టడం వల్ల యూనిట్ టెస్టుల డేటాతో కలిసిపోదు.
- `--కాంటెక్స్ట్=డాక్` అంటే ఈ రన్‌లో నడిచిన ప్రతి లైనుకూ "డాక్" అని చీటీ అంటించడం. 8వ మెట్టులో పనికొస్తుంది.
- చివరి పెద్ద ఆప్షన్ లేకపోతే, డాక్‌స్ట్రింగ్‌లో మొదటి ఉదాహరణ ఫెయిల్ కాగానే పైటెస్ట్ మిగతావి వదిలేస్తుంది. ఒక్క స్పేస్ తేడాకు నాలుగు ఉదాహరణల కవరేజ్ పోతుంది.

ఉదాహరణల లైన్లు రిపోర్టులో ఎందుకు కనపడవని కొందరు అడుగుతారు. వాటిని డాక్‌టెస్ట్ ఒక ఊహా ఫైలు పేరుతో కంపైల్ చేస్తుంది, కవరేజ్ అలాంటి పేర్లను పట్టించుకోదు. ఫంక్షన్ల డాక్‌స్ట్రింగ్ లైన్లు కూడా స్టేట్‌మెంట్ల లెక్కలోకి రావు. కాబట్టి ఉదాహరణలు పెంచినంత మాత్రాన మొత్తం పెరగదు, తగ్గదు.

రీడ్‌మీలో కూడా ఉదాహరణలు ఉంటే `--డాక్‌టెస్ట్-గ్లాబ్` ఆప్షన్‌తో మార్క్‌డౌన్ ఫైళ్లను కలుపుకుని, కమాండ్ చివర రీడ్‌మీ పేరు కూడా ఇవ్వండి. మార్క్‌డౌన్‌లో కోడ్ బ్లాకు మూసే మూడు బ్యాక్‌టిక్కులు జవాబు లైను కిందే ఉంటే, డాక్‌టెస్ట్ వాటిని కూడా జవాబులో భాగమనుకుని ఫెయిల్ చేస్తుంది. మధ్యలో ఒక ఖాళీ లైను వదిలితే సరిపోతుంది.

## 6. రిపోర్టు చదవడం: ఒక ఫంక్షన్ దగ్గరగా

`కవరేజ్ రిపోర్ట్ --డేటా-ఫైల్=.కవరేజ్.డాక్ --షో-మిస్సింగ్`

అంకెలకు మన లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టే ఒక ఫంక్షన్ తీసుకుందాం. ఫైలులో ఇదొక్కటే ఉందనుకోండి. లైన్ల వారీగా ఇలా ఉంటుంది:

- 1: డెఫ్ లైను, పేరు `లక్ష_కామా`, తీసుకునేది ఒక సంఖ్య
- 2 నుంచి 6: డాక్‌స్ట్రింగ్. అందులో ఒకటే ఉదాహరణ: 1234567 ఇస్తే '12,34,567' వస్తుంది
- 7: వచ్చింది ఇంట్ కాకపోతే
- 8: టైప్ఎర్రర్ లేపు
- 9: సంఖ్య సున్నా కంటే తక్కువైతే
- 10: మైనస్ గుర్తు ముందు పెట్టి, ధన సంఖ్యతో మళ్లీ ఇదే ఫంక్షన్‌ను పిలువు
- 11: సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చు
- 12: పొడవు 3 అక్షరాలు లేదా అంతకంటే తక్కువైతే
- 13: ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వు
- 14: చివరి 3 అక్షరాలు "తోక", మిగతాది "తల"
- 15: ఖాళీ లిస్టు
- 16: తలలో అక్షరాలు ఉన్నంతవరకు లూప్
- 17: తల చివరి 2 అక్షరాలు లిస్టు ముందు పెట్టు
- 18: తలలోంచి ఆ 2 తీసేయి
- 19: లిస్టును కామాలతో కలిపి, తోక తగిలించి తిరిగి ఇవ్వు

స్టేట్‌మెంట్లు 14. ఇంపోర్ట్ చేస్తే చాలు 1వ లైను నడుస్తుంది, అంటే బేస్‌లైన్ 1. ఉన్న ఒక్క ఉదాహరణతో 11 నడుస్తాయి. 8, 10, 13 మిగిలిపోతాయి. లైన్ల లెక్కలో 79 శాతం.

బ్రాంచ్ కలిపితే? 7, 9, 12, 16 లైన్ల దగ్గర రెండేసి దారులు, మొత్తం 8. నడిచినవి 5: లూప్ దగ్గర రెండూ, మిగతా మూడు చోట్లా ఒక్కొక్కటి. 14కు 8 కలిపితే 22, 11కు 5 కలిపితే 16. రిపోర్టులో 73 శాతం కనపడుతుంది.

శాతం కంటే ఆ మూడు లైన్ల నంబర్లే మనకు ముఖ్యం. డాక్యుమెంటేషన్ చదివే మనిషికి ఏ మూడు సంగతులు చెప్పలేదో అవే చెబుతున్నాయి: ఇంట్ కానిది ఇస్తే ఏమవుతుంది, రుణ సంఖ్య ఇస్తే ఏమొస్తుంది, చిన్న సంఖ్య ఇస్తే కామా వస్తుందా రాదా. యూనిట్ టెస్టు కవరేజ్ రిపోర్టును బగ్గులు దాక్కునే చోట్ల కోసం చదువుతాం. డాక్‌టెస్ట్ రిపోర్టును మాత్రం యూజర్‌కు చెప్పకుండా వదిలేసిన సంగతుల కోసం చదవాలి. నా అనుభవంలో ఈ కొలత వల్ల అసలు ప్రయోజనం ఇదే.

## 7. ఖాళీలు పూరించేటప్పుడు

పై ఫంక్షన్‌కు 999, -1234567 ఉదాహరణలు కలిపితే 13, 10 లైన్లు నడుస్తాయి. ఇక మిగిలింది 8వ లైను. దానికి స్ట్రింగ్ ఇచ్చి ఎర్రర్ వచ్చే ఉదాహరణ రాయాలి. ఎర్రర్ ఉదాహరణలో ట్రేస్‌బ్యాక్ మొదటి లైను ఉన్నదున్నట్టు ఉండాలి, మధ్యలోని లైన్లకు మూడు చుక్కలు చాలు, చివరి లైనులో ఎర్రర్ పేరు, సందేశం ఉండాలి.

ఇప్పుడు లైన్లు, బ్రాంచీలు రెండూ 100 శాతం. ఇక్కడే ఆగి ఆ ఫంక్షన్‌కు ట్రూ ఇచ్చి చూడండి. పైథాన్‌లో బూలియన్ కూడా ఇంట్ రకమే కాబట్టి 7వ లైను దాన్ని ఆపదు. 11వ లైను దాన్ని నాలుగు అక్షరాల మాటగా మారుస్తుంది. చివరికి మొదటి అక్షరం, కామా, మిగతా మూడు అక్షరాలు తిరిగొస్తాయి. 100 శాతం కవరేజ్ ఉన్న ఫంక్షన్ ఇచ్చిన జవాబు ఇది. ప్రతి లైనూ నడిచిందని రిపోర్టు చెప్పింది, నిజమే. ప్రతి ఇన్‌పుట్‌కూ సరైన జవాబు వస్తుందని అది ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో సంగతి: ఉదాహరణ ఫెయిలైనా దాని లైన్లు నడిచినట్టే లెక్క. జవాబును ఏదో ఒక వేరియబుల్‌లో పెట్టేసి ఊరుకునే ఉదాహరణ కూడా లైన్లు నడుపుతుంది, దేన్నీ పరీక్షించదు. అందుకే కొత్త ఉదాహరణ రాసిన ప్రతిసారీ ఈ మూడూ అడగండి:

- ఈ ఉదాహరణ కింద కనపడే జవాబు ఉందా?
- జవాబులో మూడు చుక్కలు పెట్టి అసలు విషయాన్నే దాచేశామా?
- మొదటిసారి చదివేవాళ్లకు ఇది పనికొస్తుందా, లేక శాతం కోసమే రాశామా?

మూడోదానికి జవాబు "శాతం కోసమే" అయితే దాన్ని యూనిట్ టెస్టు ఫైలులోకి మార్చేయండి. డాక్‌స్ట్రింగ్‌లో పదిహేను ఉదాహరణలు పేరిస్తే ఎవరూ చదవరు. లోపల వాడుకునే హెల్పర్ ఫంక్షన్లకు, డిస్కు నిండిపోవడం లాంటి అరుదైన ఎర్రర్లకు డాక్‌టెస్టు అక్కర్లేదు. పబ్లిక్ ఫంక్షన్‌కు మాత్రం మామూలు వాడకం ఒకటి, అంచు కేసు ఒకటి, ఎర్రర్ ఒకటి ఉంటే చదివేవాళ్లకు నిజంగా మేలు చేసినట్టే.

## 8. యూనిట్ టెస్టులతో పక్కపక్కన పెట్టి చూడడం

యూనిట్ టెస్టులను కూడా ఇదే పద్ధతిలో, బ్రాంచ్ ఆప్షన్‌తోనే విడిగా నడపండి. డేటా ఫైలు పేరు `.కవరేజ్.యూనిట్`, కాంటెక్స్ట్ `యూనిట్`. డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ ఆప్షన్ మాత్రం ఉండకూడదు. ఒక రన్‌లో బ్రాంచ్ ఉండి, ఇంకోదాంట్లో లేకపోతే ఆ రెండు డేటాలూ కలవవు.

తర్వాత:

1. `కవరేజ్ కంబైన్ --కీప్`: రెండు డేటా ఫైళ్లనూ కలుపుతుంది. కీప్ పెట్టకపోతే విడి ఫైళ్లు తీసేస్తుంది.
2. `కవరేజ్ హెచ్‌టిఎంఎల్ --షో-కాంటెక్స్ట్స్`: ఏ లైను ఏ రన్‌లో నడిచిందో పక్కనే చూపించే పేజీలు వస్తాయి.
3. `కవరేజ్ రిపోర్ట్ --కాంటెక్స్ట్స్=డాక్`: కలిపిన డేటాలోంచి డాక్‌టెస్టుల వాటా ఒక్కటే కావాలంటే.

ఆ పేజీల్లో "డాక్" చీటీ మాత్రమే ఉన్న లైన్ల కోసం వెతకండి. వాటికి ఉన్న ఒకే ఒక్క కాపలా డాక్యుమెంటేషన్ ఉదాహరణ. రేపు ఎవరైనా చదవడానికి బాగుండాలని ఆ ఉదాహరణ మార్చేస్తే ఆ లైను ఒంటరిదైపోతుంది. అలాంటి ముఖ్యమైన లైన్లకు ఒక యూనిట్ టెస్టు రాసిపెట్టండి.

ఏ లైనును ఏ డాక్‌స్ట్రింగ్ నడిపిందో కూడా కావాలంటే పైటెస్ట్-కవ్‌తో `--కవ్=లెక్కలు --కవ్-కాంటెక్స్ట్=టెస్ట్` అని ఇంకో రన్ చేయండి. కవరేజ్ సొంత డైనమిక్ కాంటెక్స్ట్ సెట్టింగును దీనికి నమ్ముకోకండి. అది టెస్టు ఫంక్షన్ల పేర్లను బట్టి చీటీలు అంటిస్తుంది, డాక్‌స్ట్రింగ్ ఉదాహరణకు అలాంటి పేరు ఉండదు.

## 9. సీఐలో పెట్టడం

సీఐ అంటే కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ. అక్కడ రెండు రన్‌లకూ ఒకే పరిమితి పెట్టొద్దు. యూనిట్ టెస్టులకు మీ టీమ్ పరిమితి ఎంతైనా ఉండొచ్చు. డాక్‌టెస్టులకు ఈ రోజు వచ్చిన శాతాన్నే కనీసంగా పెట్టి, కిందికి జారకుండా చూస్తే చాలు. `కవరేజ్ రిపోర్ట్`కు డాక్ డేటా ఫైలు ఇచ్చి `--ఫెయిల్-అండర్` పెడితే, శాతం తగ్గినప్పుడు బిల్డు ఆగుతుంది.

డాక్‌టెస్టులకు 90 అని పరిమితి పెట్టిన టీమ్‌లలో ఏం జరుగుతుందో చూశాను. డాక్‌స్ట్రింగులు చూడబోతే టెస్టు ఫైళ్లలా తయారవుతాయి, చదివేవాళ్లు పారిపోతారు. అది మాత్రం చేయకండి.

శాతంతో పాటు కలెక్ట్ అయిన డాక్‌టెస్టుల సంఖ్యను కూడా లాగ్‌లో ప్రింట్ చేయించండి. ఒక్కటీ దొరక్కపోతే పైటెస్ట్ 5 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగుతుంది కాబట్టి అది తెలుస్తుంది. 80 కాస్తా 45 అయితే మాత్రం ఎవరూ చెప్పరు, మీరే చూసుకోవాలి.

## 10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, పరిష్కారాలు

అన్ని ఫైళ్లకూ సున్నా. ఇన్‌స్టాల్ అయిన కాపీ వేరు, కొలిచే ఫోల్డర్ వేరు. ఎడిటబుల్ మోడ్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

డెఫ్ లైన్లు ఎర్రగా, వాటి లోపలి లైన్లు పచ్చగా. కొలత మొదలవకముందే మాడ్యూల్ ఇంపోర్ట్ అయిపోయింది. నేరుగా పైటెస్ట్‌ను కాకుండా `కవరేజ్ రన్` ద్వారా నడపండి.

నిన్నటికంటే శాతం పెరిగింది, ఎవరూ ఏమీ రాయలేదు. పాత డేటా ఫైలు కలిసి ఉంటుంది. ఎరేజ్ చేసి, చుక్క కవరేజ్ చుక్కతో మొదలయ్యే ఫైళ్లు ఇంకా మిగిలాయేమో చూసి మళ్లీ నడపండి.

మీ మెషీన్‌లో ఒక శాతం, సీఐలో ఇంకొకటి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టో, పైథాన్ వెర్షన్‌ను బట్టో మారే ఇఫ్‌లు ఉన్నాయేమో చూడండి. రెండుచోట్లా డేటా తీసి కలపడం ఒక దారి. అక్కడ అసలు కొలవక్కర్లేదనుకుంటే ఆ లైను పక్కన `ప్రాగ్మా: నో కవర్` అని కామెంటు పెట్టండి. కానీ రిపోర్టు అందంగా కనపడాలని మాత్రం దాన్ని వాడొద్దు.

ఉదాహరణకు తాత్కాలిక ఫైలో, నమూనా డేటానో కావాలి. స్కిప్ పెట్టేయకుండా కాన్‌ఫ్‌టెస్ట్‌లో `డాక్‌టెస్ట్_నేమ్‌స్పేస్` ఫిక్స్చర్ ద్వారా ఆ వస్తువును అందించండి. ఉదాహరణ చదవడానికి చిన్నగా ఉంటుంది, నడుస్తుంది కూడా.

## 11. రస్ట్‌లో పనిచేసేవాళ్లకు

పద్ధతి ఇదే, చిక్కులు వేరు. రస్ట్‌లో `-సి ఇన్‌స్ట్రుమెంట్-కవరేజ్` 1.60 వెర్షన్ నుంచి స్టేబుల్‌లో ఉంది. డాక్ కామెంట్లలోని ఉదాహరణలను మాత్రం కంపైల్ చేసేది రస్ట్‌డాక్. అందుకే రస్ట్‌ఫ్లాగ్స్ ఒక్కటే పెడితే చాలదు, రస్ట్‌డాక్‌ఫ్లాగ్స్‌లో కూడా పెట్టాలి. ఉదాహరణల నుంచి తయారైన బైనరీలు రన్ అయ్యాక మాయం కాకుండా పర్సిస్ట్-డాక్‌టెస్ట్స్ ఆప్షన్ వాడాలి. అది నైట్లీ టూల్‌చైన్‌లోనే ఉంది.

ఇదంతా చేత్తో చేసే ఓపిక లేకపోతే `కార్గో ప్లస్‌నైట్లీ ఎల్ఎల్‌విఎం-కవ్ --డాక్‌టెస్ట్స్` చాలు. ఇది మామూలు టెస్టులనూ కలిపి కొలుస్తుంది కాబట్టి, ఆ ఆప్షన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపి తేడా చూడండి.

ఇక మూడు సంగతులు. డాక్‌టెస్టులు లైబ్రరీ క్రేట్‌లోనే నడుస్తాయి, బైనరీ క్రేట్‌లో ఎన్ని రాసినా నడవవు. అవి బయటి క్రేట్‌లా కంపైల్ అవుతాయి కాబట్టి పబ్లిక్ ఫంక్షన్లను మాత్రమే పిలవగలవు. నో_రన్ అని గుర్తు పెట్టిన ఉదాహరణ కంపైల్ అవుతుంది, నడవదు. కార్గో దాన్ని పాసైన టెస్టుల్లోనే చూపిస్తుంది గానీ, కవరేజ్‌లో దాని వాటా సున్నా. శాతం ఊహించినదానికంటే తక్కువగా వస్తే ముందు నో_రన్, ఇగ్నోర్ అని ఉన్న ఉదాహరణల లిస్టు తీసి, వాటిలో ఇప్పుడు నడపగలిగినవి ఎన్నో చూడండి.